కంపెనీ పోయిన మైల

ఆ రోజుల్లో నాకు కోపం ఎక్కువ, ఇంగ్లీషు తక్కువ. ఆ సంగతి తెలియనిది నాకొక్కడికే. చిలకలూరిపేటలో దూది మిల్లు పక్కన రేకుల షెడ్డులో మా పెదనాన్న పాత అమెరికా కారు ఉండేది. ఇంజనుకు నీళ్ళు తిప్పే పంపు పగిలి రెండేళ్ళుగా కదలలేదు. మెకానిక్ గ్రీజు భాయ్ వచ్చినప్పుడల్లా, "జీపు పంపు బిగిస్తే సాయంత్రానికి తిరుగుద్దండీ" అనేవాడు. "బిగిస్తే కంపెనీ సరుకే బిగించాలి" అనేవాడు పెదనాన్న. డిగ్రీ చదివానని నా చేత ఆ కంపెనీకి ఏడు ఉత్తరాలు రాయించాడు. (ఏడూ పోస్టు చేశాను, ఒట్టు.) ఒక్కదానికీ జవాబు లేదు. "నీ ఇంగ్లీషు చూసి చింపేసుంటారు" అన్నాడు ఒకరోజు, భాయ్ ముందే.

ఒళ్ళు మండి, గుంటూరు వెళ్ళి ఇంటర్నెట్ సెంటర్లో కూర్చున్నాను. ఎవరి కారో కొని, బాగాలేదని పోట్లాడి, "అంత తెలిస్తే నువ్వే చేసుకో" అనిపించుకున్న ఒక కోపిష్ఠి పెట్టిన కంపెనీ అట అది. దేశాలేలినవాళ్ళు ఎక్కిన కార్లు. తర్వాత చవక కార్లకు దిగింది. నష్టాల్లో ఉన్న మరో కంపెనీని కలుపుకుంది. చివరికి ఆ కంపెనీ కార్లకే తన పేరు తగిలించి అమ్మింది. నేను పుట్టకముందే మూతపడింది.

షెడ్డులోకి పరిగెత్తుకొచ్చి, "నీ కంపెనీ పోయి నలభై ఏళ్ళయింది పెదనాన్నా! నా ఇంగ్లీషుకేం రోగం లేదు" అని అరిచాను.

"ఎట్టా పోయింది?"

చెప్పాను. పేరు తగిలించిన సంగతి వినగానే ఆయన మొహం కందిపోయింది. "తాలు మిరపకాయల బస్తాకి మన మార్కేసి మిర్చి యార్డుకు తోలారా! దొంగసచ్చినోళ్ళు!" అంటూ కట్టుబట్టలతో బోరింగు కింద కూర్చున్నాడు. "కొట్టరా నీళ్ళు."

"ఇదేంటి పెదనాన్నా?"

"చావు కబురు ఎప్పుడు తెలిస్తే అప్పుడే స్నానం. నువ్వూ తడు. ఏడు ఉత్తరాలు రాశావుగా."

"నేనూ తడవాలాండీ?" అన్నాడు భాయ్, నవ్వాపుకోలేక.

"నువ్వు పోయి ఆ జీపు పంపు బిగించుకో."

కారు తిరిగింది. పెదనాన్న మళ్ళీ స్టీరింగు ముట్టుకోలేదు.

కొన్నేళ్ళకు ఆయన పోయిన కబురు నాకు ఆలస్యంగా అందింది. కట్టుబట్టలతోనే నీళ్ళు పోసుకున్నాను. ఆ కంపెనీ మీద కోపం ఇంకా చల్లారలేదు. పరాయి కార్లకు తన పేరు తగిలించకుండానే పోయి ఉండాల్సింది. కానీ ఆ చావు కబురును గెలుపులా మోసుకొచ్చిన డిగ్రీ కుర్రాడు గుర్తొచ్చి, తడి మొహంతోనే కాస్త నవ్వుకున్నాను.