ఉమ్మడి గోడకు అటూ ఇటూ

ఆ కాలంలో ఇంట్లో జరిగేది పక్కింటికి తెలియకుండా దాచుకోవడం ఒక మర్యాద. ఏం దాస్తున్నామన్నది ముఖ్యం కాదు. (మా ఇంట్లో దాచదగ్గది పెద్దగా ఏమీ ఉండేది కాదు. అయినా దాచేవాళ్లం.) ఇప్పుడు తలచుకుంటే నవ్వు వస్తుంది గానీ, ఆ నవ్వు ఎక్కువసేపు నిలవదు.

నేను కోదాడ నుంచి సూర్యాపేటకు కాపురానికి వచ్చేసరికే అత్తవారిల్లు రెండయింది. మా ఆయన, ఆయన అన్నగారు పాలు పంచుకుని పెద్దగది మధ్యలో గోడ కట్టించుకున్నారు. అన్నీ పంచుకున్నాక, గది నడుమ దూలాన్ని మోస్తున్న టేకు స్తంభం ఎవరి వాటాకు రావాలన్న దగ్గర పంచాయితీ ఆగిపోయిందట. చివరికి స్తంభాన్ని ఊడదీసి, అడ్డంగా కోయించి, చెరి సగం తీసుకున్నారు. దూలం బరువు గోడ మీద పడింది. అది ఒక ఇటుక మందాన మట్టితో కట్టిన గోడ. మా సగం స్తంభం మీద మా ఆయన కూర్చుని చెప్పులు తొడుక్కునేవారు. బావగారి సగం పశువుల కొట్టంలో పడి ఉండేది. ఆ రోజు నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. నాకూ బావగారితో మాటల్లేవు గానీ నాది కోపం కాదు, కట్టుబాటు. తమ్ముడి భార్య బావగారి ఎదుట పడకూడదు, గొంతు వినిపించకూడదు. అటూ ఇటూ తిరిగేది అత్తమ్మ ఒక్కతే. పొద్దున వాళ్లింట్లో తినేది, సాయంత్రం మా ఇంట్లో తినేది.

పోలీసు చర్య అయిన మరుసటి ఏడాది, మా వీధి చివరి నూనె మిల్లు యజమాని తన ఇంజను మీద సాయంత్రం పూట వీధిలో ఇళ్లకు కరెంటు దీపాలిస్తానన్నాడు. మిర్యాలగూడ బియ్యం మిల్లులో పనిచేసే తీగల మేస్త్రి వచ్చి ఇల్లిల్లూ చూసిపోయాడు. గోడ మీద చెక్క పట్టీలు కొట్టి తీగలు లాగుతానన్నాడు. మా ఆయనకు అది నచ్చలేదు.

"గోడ మీద తీగలేంది, జెర్రి పాకినట్టు? లోపట గాడి తీసి గొట్టం పెడ్దం. దీపమే కనబడాలె, తీగ కనబడొద్దు. అన్న వాళ్లకు మాత్రం చెప్పకు. దీపం ఎలిగిన్నాడే ఎరుక గావాలె."

మనిషిని పెడితే ఊరంతా తెలుస్తుందని తానే ఉలీ సుత్తీ పట్టుకున్నారు. గోడ పక్కన నిటారుగా నిలబడి, చేయి పైకెత్తి, వేళ్లు ఆగిన చోట బొగ్గుతో ఈ కొస నుంచి ఆ కొసకు అడ్డంగా గీత గీశారు. ప్రతి పొద్దునా బావగారు కచేరీకి పోయాక కొంత కొట్టి దుకాణానికి వెళ్లేవారు. నేను రాలిన మట్టిని గంపకెత్తి పెరట్లో పోసేదాన్ని. భర్త పనిలో చేయి కలపడం అంటే ఇదేనని ఎంతో పొంగిపోయేదాన్ని.

బావి ఉమ్మడిది. అక్కడ తోటికోడలు అడిగింది.

"ఏం దంచుతున్నవే చెల్లె, పొద్దు పొద్దున?"

"పసుపు, అక్కా. సాయంత్రం మీ ఇంట్లోనూ చప్పుడవుతోందేం?"

"కారం. ఈ యేడు మిరపకాయ బాగొచ్చింది."

ఇద్దరం నీళ్లు తోడుకుని వచ్చేశాం. మా ఇంట్లో పసుపు కొమ్ము లేదు. వాళ్లింట్లో మిరపకాయ ఉందో లేదో నేను ఆలోచించలేదు.

ఒక సెలవు రోజున, బావగారు ఊళ్లో లేరనుకుని మా ఆయన మిగిలిన పని ముగించేందుకు పూనుకున్నారు. దూలం కిందకు వచ్చేసరికి ఉలి మెత్తగా లోపలికి పోయింది. పోయిన ఉలి తిరిగి రాలేదు. అవతల ఎవరో పట్టుకున్నట్టుంది. ఆయన లాగుతుంటే, పైవీ కిందివీ ఇటుకలు ఒక్కసారిగా జారిపడ్డాయి. దుమ్ము. దుమ్ము తగ్గాక గోడలో నేల దాకా తలుపంత సందు, ఆ సందులో బావగారు. ఆయన చేతిలోనూ ఉలి ఉంది. నేను గంపతో సహా గోడ వైపు తిరిగి నిలబడ్డాను. (తిరగడానికి సగం గోడే మిగిలిందన్నది అప్పుడు తోచలేదు.)

"ఏం జేస్తున్నవ్ రా?" అన్నారు బావగారు.

"నువ్వేం జేస్తున్నవ్?"

"నా గోడ. గాడి తీస్తున్న."

"ఇది నా గోడ. నేనూ తీస్తున్న."

అన్నదమ్ములిద్దరిదీ ఒకే ఎత్తు. బావగారూ చేయెత్తే గీత గీసుకున్నారు. అటు నుంచి ఆయన, ఇటు నుంచి ఈయన ఒకే వరస ఇటుకలను తొలుచుకుంటూ వచ్చారు. నడుమ అరచేతి మందం కూడా మిగల్లేదు. దానిమీద దూలం ఇన్నాళ్లు ఎట్లా ఆగిందో తెలియదు. ఇప్పుడది కిర్రుమంటోంది. దాని కింద, మా వైపున, అత్తమ్మ కాళ్లు చాపుకుని బియ్యం ఏరుతోంది.

"అమ్మను లేపు ముందుగాల!" బావగారు అరిచారు. మా ఆయన ఆమెను చేటతో సహా ఎత్తి పెరట్లో కూర్చోబెట్టారు.

"నీకు ఎరికేనా అమ్మా, అన్న గూడ కొడుతున్నడని?"

"ఎందుకెరిక లేదు? పొద్దున ఆడ, సాయంత్రం ఈడ తింటి. చెప్పొద్దని పెద్దోడు ఒట్టేయించుకునె. నువ్వూ ఒట్టేయించుకుంటివి. ఇద్దరి ఒట్లూ నిలబెట్టిన. గోడ నిలబెట్టుడు గూడ నా పనేనా?"

లోపల దూలం మళ్లీ కిర్రుమంది. దానికి ఊతం కావాలి. మా ఆయన చెప్పులు తొడుక్కునే సగాన్ని దొర్లించుకొచ్చారు. బావగారు కొట్టంలోంచి తమ సగాన్ని మోసుకొచ్చారు. పడిపోయిన ఇటుకలన్నీ తీసి ఆ సందులో ఒకదాని మీద ఒకటి నిలబెట్టారు. రంపం తిన్నంత మేర పొట్టయింది. "జరంత తక్కువైంది, ఏదన్న తేరా" అన్నారు బావగారు. మా ఆయన వంటింట్లోంచి నా పీట తెచ్చారు. దూలం దాని మీద ఒదిగింది. అన్నదమ్ములు చెరోవైపు నుంచి స్తంభాన్ని పట్టుకుని చాలాసేపు అట్లాగే నిలబడ్డారు. పట్టుకోవాల్సిన అవసరం లేదని ఇద్దరికీ తెలుసు.

సున్నం సిద్ధమయ్యేదాకా ఇల్లు ఒకటిగా ఉంది. అక్క ఆ సందులోంచే కూరగిన్నె అందించేది. "కారం వేయలేదే, అయిపోయింది" అని నవ్వేది. అన్నదమ్ములు దూలం గురించి తప్ప మాట్లాడుకోలేదు గానీ, దూలం గురించి రోజూ మాట్లాడుకున్నారు.

తాపీ మేస్త్రి వచ్చి చూశాడు. పడినచోట కొత్తగా ఇటుక కట్టాలన్నాడు. పడని చోట గాడిలో ఇటుక ముక్కలూ సున్నమూ కూరుతానన్నాడు. "కూరితే నిండుతది గని, పాత గోడలెక్క పట్టుండదు. ఆడ బరువు పెట్టకుండ్రి" అన్నాడు. ఆ తర్వాత, చేతిలో తాపీతో, మామూలుగా అడిగాడు.

"ఎట్లాగూ ఇంత పడ్డది. స్తంభం గీడనే ఉంచి, పక్కన దర్వాజ పెడ్దమా అయ్యా?"

బావగారు తమ్ముడి వైపు చూశారు. మా ఆయన అన్న వైపు చూశారు. అత్తమ్మ ఇద్దరినీ చూసింది. తలుపు చాటున నేనున్నాను. అటు తలుపు చాటున అక్క ఉంది. "పెడ్దం" అన్నది చిన్న మాట. పెద్దవాడు అంటాడని చిన్నవాడు, చిన్నవాడు అడుగుతాడని పెద్దవాడు ఆగారు. మేస్త్రి నీళ్లు తాగాడు, మూతి తుడుచుకున్నాడు, మరి కాసేపు చూశాడు. తర్వాత ఇటుక తడిపి పెట్టాడు.

గోడ బాగా కట్టాడు. స్తంభం ముక్కలు ఎవరివి వాళ్లు తీసుకుపోయారు. తీగలు రెండిళ్లలోనూ చెక్క పట్టీల మీదే వచ్చాయి. మొదటి సాయంత్రం మా దీపం వెలిగినప్పుడు మా ఆయన దాన్ని చూడలేదు, గోడ వైపు చూస్తూ కూర్చున్నారు. మళ్లీ ఆ అన్నదమ్ములు మాట్లాడుకోవడం నేను వినలేదు. బావగారు ముందు పోయారు. మా ఆయన నిరుడు పోయారు.

మొన్న ఆయన ఫొటో తగిలిద్దామని బల్ల ఎక్కి ఆ గోడకే మేకు కొట్టాను. మేకు మెత్తగా దిగింది, వేలితో లాగితే వచ్చేసింది. మళ్లీ కొడుతుంటే అవతల నుంచి కేక వినిపించింది.

"ఏం దంచుతున్నవే చెల్లె?"

సుత్తి దించాను.

"పసుపు కాదు అక్కా. ఫొటోకు మేకు."

"గాడి కాడ నిలవదు. జానెడు కిందికి కొట్టు. మీ బావగారి ఫొటోకు నేనూ గట్లనే కొట్టిన."

కొట్టాను. నిలిచింది. ఇప్పుడు అన్నదమ్ములిద్దరూ ఆ గోడకే, అటొకరు ఇటొకరు, వీపుకు వీపు ఆనించి ఉన్నారు. నేను పొద్దున దండ మార్చేటప్పుడు గోడను వేలితో తడతాను. అక్క అటు నుంచి తడుతుంది. మాట్లాడడానికి మాకిప్పుడు ఏ కట్టుబాటూ లేదు, చాటుగా దంచేది ఏదీ లేదు. అయినా ఇద్దరం ముసలివాళ్లం ముందు గోడనే తడుతున్నామంటే, ఈ ఇంటి కోడళ్లమని ఒప్పుకోవలసిందే.