పది వేళ్ల లెక్క

కంప్యూటర్ వాడే ఒకట్ల, సున్నాల లెక్క ఆమె వేళ్ల మీదే వేస్తుంది: వేలు చాపితే ఒకటి, ముడిస్తే సున్నా. బస్సులో టికెట్ నంబరును కూడా వదలదు. పక్కవాళ్లు వింతగా చూస్తారు. పిల్లల కోసం ఉద్యోగం మానేసిన ఏడేళ్లకు మళ్లీ పరీక్షకు కూర్చుంది. మామూలు అంకెల్లో రాసినా, ఒకట్లూ సున్నాలుగా రాసినా, ఎటునుంచి చదివినా మారని సంఖ్యలు వెయ్యిలోపు ఎన్నున్నాయో ప్రోగ్రాం రాసి చెప్పాలి. ఆమె ప్రోగ్రాం 313 చూపించాక ఇంకొక్కటీ చూపకుండా ఆగిపోయింది. ఆపై 323, 333 లాంటి సంఖ్యల్ని ఒక్కొక్కటే వేళ్లకెక్కిస్తూ, 585 దగ్గర అరచేతులు జోడించి చూసింది. చాపిన వేలికి చాపిన వేలే ఆనింది. దీనికి పది వేళ్లూ పట్టాయి. ప్రోగ్రాంలో ఒక్కో సంఖ్యకు తను తొమ్మిది గళ్లే ఇచ్చింది!

“దండం పెడితే జవాబొస్తుందామ్మా? రెండు నిమిషాలే ఉంది,” అన్నాడు ఇన్విజిలేటర్.

తొమ్మిదిని పది చేస్తూ, “వచ్చేసింది సార్,” అంది.