నా చేతుల దురద, నా కూతురి జడ

దురద పనిలో ఉన్నప్పుడు రాదు. చేతులు ఖాళీ అయ్యాకే వస్తుంది. కంపెనీ బస్సెక్కి కిటికీ పక్కన కూర్చోగానే వేళ్ల సందుల్లో మొదలయ్యేది. గోకకూడదు అనుకుంటూనే గోకేదాన్ని. మా ఊరు లక్డారం వచ్చేదాకా అదే పని. దిగేసరికి మణికట్టు ఎర్రబడి, రసి కారి, చున్నీకి అంటుకునేది.

పటాన్‌చెరు దగ్గర ఒక మందుల కంపెనీలో ప్యాకింగ్ చేస్తాను. లోపలికి పోవాలంటే సబ్బుతో చేతులు కడగాలి, స్పిరిట్ రుద్దాలి, గ్లౌజులు తొడగాలి. టీకి బయటికొస్తే మళ్లీ మొదటి నుంచి. ఆ గ్లౌజుల్లో చేతులు ఉడికిపోయేవి. ఊరందరి మందులు సర్దే చేతులకు ఈ గతి పట్టిందేమిటని ఒళ్లు మండేది.

అత్తమ్మ చూడగానే తీర్పు చెప్పేసింది. "గజ్జి లెక్కనే ఉంది. జెర దూరముండు పిల్లా, నీ పోరికి అంటుకుంటది." నా తువ్వాలు వేరైంది, సబ్బు వేరైంది. దవాఖానకు పోతే డాక్టరమ్మ మాత్రం ఇది ఎగ్జిమా అంది, ఎవరికీ అంటుకోదంది. "చర్మం గోడ లెక్క. నీది పుట్టుకతోనే జెర పల్చగుంది. సబ్బు, స్పిరిటు కలిసి దాన్ని ఇంక గీకుతున్నయ్." పూతమందు రాసిచ్చి, చేతుల తడి పూర్తిగా ఆరకముందే క్రీము రాసుకోమంది. ఇంట్లో ఆ మాట చెప్తే అత్తమ్మ "డాక్టర్లు గట్లనే అంటరు" అని తన పనిలో పడింది.

నిజానికి నన్ను కుదురుగా ఉండనివ్వనిది దురద కాదు, ఏడో తరగతి చదివే నా కూతురు. రోజూ పొద్దున నా ముందు కూర్చుని జడలు వేయించుకునే పిల్ల, ఒకరోజు నా చేతిలో దువ్వెన లాక్కుంది. "నేనే ఏసుకుంట" అంది. అప్పటినుంచి జుట్టంతా మెడ మీదికి జార్చి, వదులుగా ముడేసుకుని పోతోంది. రెండు జడలు వేసుకు రమ్మని బడిలో తిట్టినా వినలేదు. నా చేతులంటే రోత పుట్టిందనుకున్నాను. కన్నబిడ్డే రోసిపోతే ఎవరితో చెప్పుకోవాలి? అన్నం వడ్డిస్తూ దాని చూపు నా వేళ్ల మీదికి పోతోందా అని దొంగలా కనిపెట్టేదాన్ని. ఏడుపొచ్చేది, ఆ వెంటనే కోపమొచ్చేది.

ఎలాగైనా చేతులు బాగుపడాలి, పిల్ల మళ్లీ నా ముందు కూర్చోవాలి. అందుకే నాతో పనిచేసే కోస్తా అక్క లావెండర్ నూనె సీసా ఇస్తే కళ్లకద్దుకున్నాను. "వాసన పీల్చమ్మా, ప్రాణం కుదుటపడుద్ది. కొబ్బరినూనెలో ఒక్క చుక్కే వేసుకో, ఎక్కువొద్దు" అంది. చుక్కతో ఏమవుతుంది? ఏదైనా కలిపి పల్చన చేస్తే సరుకు పాడైనట్టేనని కంపెనీ నాకు నేర్పిన చదువు. పగుళ్ల మీద ఉన్నదున్నట్టు పూసేశాను. పచ్చి మిరపకాయలు నూరి పెట్టినట్టు మండింది. నల్లా కింద చేతులు పెట్టి గంతులేశాను.

అత్తమ్మ ఉరికొచ్చి కిటికీలన్నీ మూసింది. "ఏ కంపెనోడు ఇడిసిండు గీ వాసన?" చుట్టూ కంపెనీల పొగే కాబట్టి, మా దగ్గర కొత్త వాసనొస్తే ముందు కిటికీలు మూసి, తర్వాత సంగతి అడుగుతారు. అంత మంటలోనూ నవ్వొచ్చింది.

డాక్టరమ్మ చీవాట్లు పెట్టింది. ఇట్లాంటి నూనెలు కొందరికి అసలు పడవని, దురద ఇంకా పెంచుతాయని చెప్పింది. పుండు మీద పెట్టనే వద్దంది. అంతగా ఇష్టముంటే పగుళ్లు పూర్తిగా మానాక, బాగా పల్చన చేసి, ముంజేతి లోపల కాస్త రాసి, ఒకరోజు ఆగి చూడమంది. మందు మాత్రం మానొద్దంది. ఆగడం నాకు చేతకాని పని, అయినా ఆగాను. నాకు పడింది. సెంటు వాసనొస్తే కంపెనీలో లోపలికి రానివ్వరు కాబట్టి సెలవు రోజే రాసుకునేదాన్ని. నయం చేసింది మందూ క్రీమూ. నూనె చేసిందల్లా ఏమిటంటే, రాసుకుంటున్నంతసేపూ ఒక చెయ్యి ఇంకో చేతిని గోకకుండా నిమిరేది. మనసు కూడా కాసేపు పరుగులాపేది.

చేతులు నున్నబడ్డాక ఒక ఆదివారం కూతుర్ని పిలిచాను. "రా బిడ్డా, తలకు నూనె పెడ్త. సూడు, నా చేతులు మంచిగైనయ్." రానంది. నా కోపం ముక్కు మీదే ఉంటుంది. భుజం పట్టి కూర్చోబెట్టి, ముడి విప్పి, జుట్టు పైకెత్తాను.

మెడ వెనక చర్మం ఎర్రబడి, పొలుసులు లేచి ఉంది. గోళ్లతో గీరిన గీతలు. నా చేతులకు వచ్చిందే.

"ఎప్పటి సంది ఉందే ఇది? నాకెందుకు చెప్పలే?"

అది తల వంచుకుంది. "నీది నాకంటుకుందని నానమ్మ నిన్ను తిడ్తది. ఇగ నన్ను నీ దగ్గర పండుకోనియ్యదు."

నా చేతులు దాని జుట్టులోనే ఆగిపోయాయి. రోత అనుకున్నాను నేను.

"ఇది అంటుకునేది కాదు బిడ్డా, అంటుకునేది కాదు. నా లెక్కనే నీ చర్మం గూడ పుట్టుకతోనే పల్చగుంది" అన్నాను. వంటింట్లో ఉన్న అత్తమ్మకూ వినపడాలని అదే మాట ఇంకోసారి గట్టిగా అరిచి, దాని జుట్టు రెండు పాయలు చేసి జడ మొదలుపెట్టాను.