మా అత్తయ్య డిగ్రీ, మా పాప మూతి

ఆ ఉదయం మా పాప పాలు అడిగింది. అడిగే ముందు ఒక్క క్షణం ఆగి, గాలి పీల్చి, మూతిని ఒక పక్కకి లాగి, "పా... పా... లు" అంది. నా చేతిలోని గ్లాసు జారి సింకులో పడింది.

ఏడాదిన్నర పిల్ల. మొన్నటిదాకా గలగలా వాగుతూ ఉండేది. "నీళ్ళు అను" అన్నాను. మళ్ళీ అలాగే లాగింది. "అమ్మ అను" అంటే "అ... మ్మ" అంది, ఎంతో బరువు ఎత్తుతున్నట్టు. నేను నీళ్ళ పరీక్షల ల్యాబులో పనిచేస్తాను. చదివింది సూక్ష్మజీవశాస్త్రం. పసిపిల్ల ముఖం ఒక పక్కకి పోతే ఏమేం అయివుండొచ్చో, పుస్తకాల్లో చదివినవన్నీ వరసగా కళ్ళముందుకొచ్చాయి.

"ఏమండీ, స్కూటర్ తియ్యండి!" అని అరిచాను.

మావారు సగం గడ్డం గీసుకున్న ముఖంతో బయటికొచ్చారు. "ఏమైంది?"

"పాప మూతి వంకరపోయింది."

కిటికీ దగ్గర పాఠం చదువుకుంటున్న అత్తయ్య చప్పున లేచారు. ఏదో అనబోయి మింగేశారు. "నేనూ వస్తాను" అని మాత్రం అన్నారు.

మా అత్తయ్య గురించి కొంచెం చెప్పాలి. ఇరవై ఏళ్ళకు పైగా బట్టలు కుట్టి కొడుకుని చదివించిన మనిషి. మావయ్యగారు పోయాక, యాభై నాలుగో ఏట, యూనివర్సిటీ సాయంత్రం క్లాసుల్లో చేరారు. మనస్తత్వశాస్త్రమే ఎందుకని అడిగితే, "మిగతావన్నీ మూడో అంతస్తులో ఉన్నాయి, ఇదొక్కటే కింద ఉంది. నా మోకాళ్ళు ఎంచుకున్న సబ్జెక్టమ్మా ఇది" అనేవారు. తోటి విద్యార్థులు ఆంటీ అంటారు, ఈవిడ వాళ్ళని ఒరేయ్ అంటారు. మా వెనక వీధి కమ్యూనిటీ హాలుకి తెరలు కుట్టడానికి వెళ్ళినప్పుడు, పక్షవాతంతో మాట పోయినవాళ్ళు కొందరు అక్కడ కూర్చుని మళ్ళీ మాట్లాడటం సాధన చేస్తూ కనిపించారట. తెరలు తగిలించడం అయిపోయినా ఈవిడ వెళ్ళడం మానలేదు. వారానికి రెండు మధ్యాహ్నాలు వాళ్ళతో కూర్చుని, ఇంటికొచ్చి, నేను ల్యాబునుంచి రాగానే క్లాసుకి వెళ్ళేవారు. ఆ కాసేపు పాపని పక్కింటి టీచరమ్మ చూసుకుంటుందని నేను నమ్మాను.

ఆసుపత్రిలో పిల్లల డాక్టరు పాపని చక్కిలిగిలి పెట్టి నవ్వించారు. చేతిలోంచి బొమ్మ లాక్కుని ఏడిపించారు. తర్వాత కుర్చీలో వెనక్కి వాలారు.

"నవ్వినప్పుడు రెండు పక్కలా సమానంగానే ఉంది. ఏడ్చినప్పుడూ అంతే. మాట్లాడినప్పుడే లాగుతోంది. మీ ఇంట్లో ఎవరైనా ఇలా మాట్లాడతారా?"

"ఎవరూ లేరండీ" అన్నాను.

"ఉన్నారు" అన్నారు అత్తయ్య, గోడవైపు చూస్తూ. "ఇంట్లో కాదు. హాల్లో. లేతు మిషను మేస్త్రిగారని ఒకాయన."

డాక్టరు నవ్వారు. నాకు నవ్వు రాలేదు. గుచ్చి గుచ్చి అడిగితే అప్పుడు బయటపడింది. టీచరమ్మ మోకాలికి ఆపరేషన్ అయినప్పటినుంచీ, అంటే వానలు మొదలైనప్పటినుంచీ, నా కూతురు ఆ హాలుకి వెళుతోంది. నాకు తెలియకుండా. కాచి చల్లార్చిన నీళ్ళు తప్ప నేను పట్టనివ్వని నా కూతురు, ఎవరెవరి ఒళ్ళోనో పెరుగుతోంది.

"చెబితే వద్దంటావని చెప్పలేదమ్మాయ్" అన్నారు అత్తయ్య ఇంటికొచ్చాక. "వాళ్ళూ మాటలు నేర్చుకుంటున్నారు, ఇదీ నేర్చుకుంటోంది. పెద్దవాళ్ళ ముందు తడబడితే సిగ్గుపడతారు. దీని ముందు పడరు."

"అమ్మా, అయినా చెప్పాలి కదే" అన్నారు మావారు. ఆ ఒక్క ముక్క అని ఫోనులో తల దూర్చేశారు.

"సరేలే, హాలు మానేస్తాను" అన్నారావిడ. "హాలు మానేస్తే ఇక ఆ పుస్తకాలు మాత్రం ఎందుకు?"

శుక్రవారం నేను సెలవు పెట్టి పాపని తీసుకుని అత్తయ్య వెంట వెళ్ళాను. ఇదే ఆఖరు అని అక్కడివాళ్ళకి నేనే చెబుదామని. గుండ్రంగా వేసిన ప్లాస్టిక్ కుర్చీలు, గోడకి పెద్ద అద్దం, బల్లమీద బొమ్మల అట్టలు. పాప నా చెయ్యి విదిలించుకుని తిన్నగా ఒక పెద్దాయన మోకాలెక్కింది. వెడల్పాటి చేతులు. ఒక చెయ్యి మాత్రం ఇంకెవరిదో అక్కడ మరిచిపోయినట్టు ఒళ్ళో పడుంది. భుజాన చిన్న తువ్వాలు.

"తా... త" అంది పాప, మూతి లాగి.

"పా... ప" అన్నారాయన, అచ్చం అలాగే.

నాకు ఒళ్ళు మండింది. "చూశారా అత్తయ్యా? ఈయన వంకర మూతి చూసే కదా ఇది నేర్చుకుంది! ఆసుపత్రికి పరిగెత్తాం" అన్నాను. గొంతు తగ్గించలేదు. ఆయనకి అర్థం కాదనుకున్నాను.

అత్తయ్య ముఖం పాలిపోయింది. "అమ్మాయ్! మాట రాదంతే. ఆయనకి అన్నీ వినపడతాయి, అన్నీ అర్థమవుతాయి."

మేస్త్రిగారు బాగున్న చేత్తో తువ్వాలు తీసి, నెమ్మదిగా నోటికి అడ్డం పెట్టుకున్నారు.

"క్షమించండి మేస్త్రిగారూ. భయపడి అన్నాను" అన్నాను. ఆయన పరవాలేదన్నట్టు తలూపారు. తువ్వాలు మాత్రం తియ్యలేదు. అత్తయ్య కప్పు బొమ్మ చూపించారు. ఆయన తల అడ్డంగా ఊపారు. తాళంచెవి బొమ్మ చూపించినా అంతే.

"ఎండాకాలమంతా పట్టింది ఈయన నోరు విప్పడానికి" అన్నారు అత్తయ్య, నావైపు చూడకుండా.

పాప మాత్రం ఆయన్నే పరీక్షగా చూస్తోంది. కాసేపటికి తన గౌను అంచు రెండు చేతులతో పట్టుకుని పైకెత్తి, ముక్కూ నోరూ కప్పుకుంది. బొజ్జంతా బయటపడింది. కళ్ళు మాత్రం ఆయన మీదే.

ఆయన బిత్తరపోయారు. తువ్వాలు కాస్త దించారు. గౌనూ కాస్త దిగింది. మళ్ళీ పెట్టుకున్నారు. గౌను మళ్ళీ పైకి లేచింది. పక్క కుర్చీలో మా వీధి చివరి పూలకొట్టు ఆవిడ, తనూ ఒక చెయ్యి పడిపోయినావిడే, ఊపిరి బిగబట్టింది. ఆయన తువ్వాలు తీసి భుజాన వేసుకున్నారు. పాప ఈసారి గౌను దించలేదు. ఆట ఇంకా ఉందనుకుంది.

ఆయన మూతి పక్కకి పోయింది. మెడ నరాలు ఉబ్బాయి.

"తీ... తీ... య్."

పాప దించింది. పూలకొట్టు ఆవిడ ఒంటిచేత్తో తొడమీద చప్పట్లు కొట్టింది. అత్తయ్య బొమ్మల అట్ట పట్టుకుని అలాగే నిలబడిపోయారు. "ఈ మాట నేను నేర్పలేదే" అన్నారు. "మా అట్టల్లోనే లేదు."

తర్వాత ఆవిడ నావైపు తిరిగారు. మానెయ్యమంటావా అన్నట్టు చూశారు.

"చేతులు మాత్రం కడిగించండి" అన్నాను. "వెళ్ళేముందూ, వచ్చాకా. సబ్బుతో. అందరికీ."

"అందరికీనా? మేస్త్రిగారి చేతులకి నీ సబ్బు సగం అయిపోతుంది" అని, గడియారం చూసి ఉలిక్కిపడి, అత్తయ్య పుస్తకాల సంచీ భుజానికి తగిలించుకున్నారు. క్లాసుకి వేళైంది. బొమ్మల అట్టల కట్ట నా చేతిలో పెట్టి, "మిగిలినవి నువ్వు చూపించు" అంటూ బస్సుకోసం బయటికి పరిగెత్తారు.