జవాబుల పట్టికలో ఒక అక్షరం

మా ప్రెస్సులో ఆవిణ్ణి అందరూ కామా అక్క అనేవాళ్లు. ఆ పేరు పెట్టింది గైడు మాస్టారు. పెద్ద హాస్టలు బడిలో ఆరో తరగతి సీటు కోసం పిల్లలు ప్రవేశపరీక్ష రాస్తారు కదా, దానికి ఆయన ఇంగ్లిషు గైడు రాసేవారు. ఆయన రాసిన కాగితాలు చూసి కంప్యూటరులో కొట్టడం ఈవిడ పని. చేరిన మొదటి ఏడు ప్రతి కామాకీ ముందు ఒక ఖాళీ వదిలి కొట్టింది. అచ్చుకు ముందు మాస్టారు దిద్దే ప్రూఫు వెనక్కి వచ్చేసరికి ఎర్రసిరాతో రెండొందల పన్నెండు సున్నాలు చుట్టి ఉన్నాయి.

"కామా అంటే ముందు మాటకి తోక, అమ్మాయ్. తోక ఒంటికి అంటుకుని ఉండాలి గానీ బారెడు దూరంలో నిలబడితే ఎలా?" అన్నారు మాస్టారు.

ప్రెస్సంతా నవ్వింది. ఆవిడా నవ్వింది. పేరు మాత్రం అలా ఉండిపోయింది.

నేను బైండింగులో ఉండేదాన్ని. నా బల్లకీ ఆవిడ కుర్చీకీ మధ్య ఒక అద్దాల తలుపు ఉండేది. ఎడమచేతి వైపు కాగితం, దాని మీద పంక్తి జారకుండా ఒక స్కేలు, కళ్లు కాగితం మీద, వేళ్లు కీబోర్డు మీద. తల తిప్పేది కాదు. పదో తరగతి ఇంగ్లిషులో రెండుసార్లు తప్పి చదువు మానేసిన మనిషి. అది తెలిసే ఓనరు పనిలో పెట్టుకున్నాడు. ఆయనకో సిద్ధాంతం ఉండేది. అర్థం తెలిసినవాడు కొడుతూ కొడుతూ సొంత పైత్యం కలుపుతాడు, తెలియనివాడైతే ఉన్నది ఉన్నట్టు దింపుతాడు అని. ఎనిమిదేళ్లపాటు ఆ సిద్ధాంతం బాగానే నడిచింది.

ఆ ఏడు ప్రవేశపరీక్ష ఫలితాలు వచ్చిన వారంలో ఒక దర్జీ ఆవిడ ప్రెస్సుకు వచ్చింది. మెడలో కొలతల టేపు తియ్యడం కూడా మరిచిపోయి వచ్చింది. చేతిలో మా గైడు. మాస్టారు ఆ పూట అక్కడే ఉన్నారు, కొత్త ముద్రణ ప్రూఫులు చూసుకుంటూ.

"ఈ పుస్తకం రాసిన పెద్దమనిషి ఎవరండీ?" అంది.

"నేనేనమ్మా."

ఆవిడ పుస్తకం తెరిచి నలభై మూడో ప్రశ్న మీద వేలు పెట్టింది. 'ది విండ్ విస్పర్డ్ త్రూ ది ట్రీస్', చెట్ల మధ్య గాలి గుసగుసలాడింది, అని ఒక వాక్యం ఇచ్చి, ఇందులో ఉన్న అలంకారం ఏది అని ప్రశ్న. ఎ సిమిలీ, బి మెటఫర్, సి పర్సానిఫికేషన్, డి హైపర్‌బొలీ. వెనక పుటల్లో జవాబుల పట్టికలో 'డి' అని ఉంది.

"అసలు పరీక్షలో ఇదే వాక్యం వచ్చిందండీ. మా పిల్ల డి పెట్టింది. బళ్లో టీచరు సి అని చెప్పిందట ముందే. ఇది వింటేనా? గైడులో ఉంది, గైడు తప్పు చెప్పదు అని కూర్చుంది. ఒక్క మార్కులో సీటు పోయింది."

మాస్టారు కళ్లద్దాలు పెట్టుకుని చూశారు, తీసి తుడుచుకుని మళ్లీ చూశారు. ప్రాణం లేని దానికి మనిషి చేసే పని అంటగడితే పర్సానిఫికేషన్. ఉన్నదాన్ని కొండంత చేసి చెబితే హైపర్‌బొలీ, అంటే అతిశయోక్తి. గుసగుసలాడేది మనుషులు కాబట్టి ఇక్కడ సి తప్ప వేరే జవాబు లేదు.

"తప్పేనమ్మా. తప్పు నాదే," అన్నారాయన. ఆవిడ ఇంకా ఏదో అందామని వచ్చినట్టుంది. ఆయన అంత తేలిగ్గా ఒప్పుకునేసరికి పుస్తకం అక్కడే వదిలేసి వెళ్లిపోయింది.

మాస్టారికి అప్పటికే కంట్లో శుక్లం మొదలైంది. ముప్పై ఏళ్లు పాఠం చెప్పి, గాలి గుసగుసను అతిశయోక్తి అని రాసే స్థితికి వచ్చాననుకున్నారు. కొత్త ముద్రణ ఆపేయమని, ఇక గైడు రాయనని ఓనరుతో చెప్పి, గొడుగు కూడా మరిచి ఇంటికి వెళ్లిపోయారు.

కామా అక్క ఇదంతా తన కుర్చీలోంచే విన్నది. మధ్యాహ్నం అన్నాలప్పుడు అందరూ కిందికి దిగాక అటక మీంచి ఆ ఏటి కట్ట దింపింది. అసలు కాగితాలు, ప్రూఫులు అన్నీ దారంతో కట్టి దాచడం ఆవిడ అలవాటు. కాసేపటికి అద్దాల తలుపు కొట్టి నన్ను లోపలికి పిలిచింది. మాస్టారి చేతిరాతలో నలభై మూడుకు ఎదురుగా 'సి' అని ఉంది. ఆయన రాత ఇంకులో పడ్డ చీమ నడిచినట్టు ఉంటుంది గానీ ఆ సి మాత్రం చక్కగా ఉంది. ప్రూఫులో 'డి' ఉంది. చుట్టూ ఎర్ర సున్నా లేదు.

"కీబోర్డు మీద డి కిందే సి ఉంటుంది. వేలు పైకి జారింది," అంది.

నిజం చెప్పాలి, నేను మంచి సలహా ఇవ్వలేదు. "ప్రూఫులో ఆయన చూసుకోవాలి కదక్కా. ఆ కట్ట మళ్లీ అటకెక్కించెయ్," అన్నాను.

"ఆయన చూడకపోవడం రెండో తప్పు. మొదటిది నాది కదా," అంది. సాయంత్రం దాకా పెళ్లి కార్డులు కొట్టింది.

ఇంటికెళ్లి అత్తగారికి చెప్పిందట. ఆవిడకి ఇంగ్లిషూ రాదు, గైడంటే ఏమిటో తెలియదు. అంతా విని, "చెప్తే ఉద్యోగం పోవచ్చు. చెప్పకపోతే నిద్ర పోతుంది. ఏది లేకపోయినా బతకగలవో నువ్వే చూసుకో," అందట.

మర్నాడు పొద్దున్నే ఓనరుకు చెప్పింది. ఆయన నెత్తి కొట్టుకున్నాడు. కానీ, "నిన్ను తీసేస్తే మాస్టారి రాత చదివేవాళ్లు ఎవరున్నారు?" అని తనే ప్రశ్న వేసుకుని, తనే చల్లారాడు. అక్కణ్ణుంచి మాస్టారింటికి నన్ను తోడు తీసుకెళ్లింది.

ఆయన కిటికీ దగ్గర కూర్చుని ఉన్నారు. ఆవిడ ఆ కాగితం చేతిలో పెట్టింది. ఆయన ముక్కుకు ఆనించుకున్నంత దగ్గరగా పెట్టుకుని చూశారు.

"సి అనే రాశాను," అన్నారు. మళ్లీ, "సి అనే రాశాను కదా," అన్నారు.

"మీరు సరిగ్గానే రాశారు మాస్టారూ. నేనే తప్పు కొట్టాను."

"కొట్టేటప్పుడు చదువుకోలేదా?"

"చదివినా తెలిసేది కాదండీ. ముగ్గులో చుక్కలు కలిపినట్టు కొట్టుకుంటూ పోయాను."

"ఎనిమిదేళ్లూ అంతేనా?"

"ఎనిమిదేళ్లూ అంతేనండి."

ఆయన తిడతారనుకున్నాను. తిట్టలేదు. "ఊళ్లో పిల్లలందరికీ చెప్పాను. వారం వారం నా ఎదురుగా కూర్చున్న మనిషికి ఒక్క ముక్క చెప్పాలని తోచలేదు," అన్నారు తనలో తను. తరవాత ఒక షరతు పెట్టారు. గైడు మళ్లీ రాస్తారు. కానీ జవాబుల పట్టిక ముందుగా ఆవిడకు ఇవ్వరు. ప్రతి ప్రశ్నకూ ముందు ఆవిడే జవాబు రాయాలి, ఆ తరవాత ఆయన పట్టికతో సరిచూడాలి.

"అన్నీ తప్పే రాస్తాను," అంది.

"రాయి. తప్పు ఎందుకయిందో చెప్పడం నాకు అలవాటే."

దర్జీ ఆవిడ ఇల్లు వెతుక్కుని వెళ్లేసరికి పదకొండయింది. ఒకటే గది. కిటికీ పక్కన కుట్టుమిషను, కింద గుడ్డ పేలికల కుప్ప. పదేళ్ల పిల్ల నేల మీద కూర్చుని చొక్కాలకు గుండీలు కుడుతోంది. కామా అక్క నిలబడే సంగతి చెప్పింది. మిషను చక్రం ఆగింది.

"చెప్పేసి మీరు తేలికపడ్డారు. ఇప్పుడు నేనేం చేసుకోను?" అంది దర్జీ ఆవిడ.

పిల్ల దారం పళ్లతో తెంచి, "అదొక్కటే కాదమ్మా, లెక్కల్లో ఎనిమిది పోయాయి," అంది.

"నువ్వూరుకో," అంది తల్లి. కానీ ఆ మాటకి ఆవిడ గొంతు కొంచెం మారింది. "ఎనిమిదో తరగతిలో కూడా చేర్చుకుంటారట. దానికి వేరే పరీక్ష. రెండేళ్లుంది. అప్పటిదాకా దీనికి ఇంగ్లిషు చెప్పండి."

"నాకే రాదు కదమ్మా."

"వచ్చింది చెప్పండి. రానిది ఆయన్ని అడిగి వచ్చి చెప్పండి."

ఆ వారమంతా సవరణ చీటీలు అచ్చేసి, కత్తిరించి, తొమ్మిది పుస్తకాల షాపుల్లో మిగిలిన ప్రతులన్నిట్లో అంటించాం. కోచింగు సెంటర్ల బోర్డుల మీద కూడా పెట్టాం. ఆవిడ ప్రతి చోటా తనే వెళ్లి, "తప్పు అచ్చులో పడింది, మాస్టారిది కాదు," అని చెప్పుకొచ్చింది.

అలా మొదలైంది చదువు. పొద్దున పనికి వచ్చే ముందు మాస్టారింట్లో ఒక గంట నేర్చుకునేది. అయిదింటికి పని అయ్యాక దర్జీ ఇంట్లో ఒక గంట చెప్పేది. మొదటిసారి వంద ప్రశ్నలకు ఆవిడ జవాబులు సరిపోయింది ముప్పై ఎనిమిదింటికే. 'హి గోస్'లో ఎస్ ఎందుకో, 'దే గో'లో ఎందుకు లేదో ఎంతకీ పట్టుబడలేదు. ఆఖరికి మాస్టారు, "ఒంటరివాడికి తోడు కావాలి, అందుకని ఎస్. గుంపుగా ఉన్నవాళ్లకి తోడెందుకు?" అన్నారు. ఆ సాయంత్రమే అది పిల్లకు చేరింది. అయితే 'ఐ'కి ఎస్ ఎందుకు రాదు, 'ఐ' కూడా ఒంటరే కదా అని పిల్ల అడిగింది. దానికి జవాబు మర్నాటి దాకా ఆగాల్సి వచ్చింది. మాస్టారు నవ్వి, "నేనూ నువ్వూ ఎదురెదురుగా ఉన్నాం, మనకి ఒకరికొకరం తోడు. అక్కడెక్కడో ఉన్న మూడోవాడికే ఎస్ అని చెప్పు," అన్నారట.

ఇంట్లో అత్తగారి మీద ప్రయోగాలు చేసేది. "'లాగా' అని పోలిస్తే సిమిలీ అత్తయ్యా. మా అత్తగారు పులిలాగా ఉంటుంది. 'లాగా' తీసేస్తే మెటఫర్. మా అత్తగారు పులి."

"మరి నిజమైతే ఏమంటారే?" అందట ఆవిడ.

దర్జీ ఇంట్లో యాక్టివ్, పాసివ్ వాయిస్‌లు చెబుతున్న రోజు నేనూ ఉన్నాను. అమ్మ చొక్కా కుట్టింది. చొక్కా అమ్మ చేత కుట్టబడింది. మిషను తొక్కుతూ దర్జీ ఆవిడ, "అలా ఎవరు మాట్లాడతారు?" అంది.

"పరీక్షలో మాట్లాడతారు," అంది పిల్ల.

"ఎటు తిప్పినా కుట్టేది నేనేగా," అని ఆవిడ కుట్టుకుంటూ పోయింది. మొదట్లో మాతో ముభావంగా ఉండే మనిషి, ఆ తరవాత్తరవాత మేం వెళ్లేసరికి పేలికలు పక్కకి ఊడ్చి చాప వేసి ఉంచేది.

రెండో ఏడు కామా అక్క జవాబులు వందకి తొంభై ఒకటి దాకా వచ్చాయి. అప్పుడే ఒక ప్రశ్న దగ్గర మాస్టారితో పేచీ పడింది. 'ది బీస్ బజ్డ్ బై ది బుష్' అని వాక్యం. పొద దగ్గర తేనెటీగలు రొద చేశాయని. మాస్టారి జవాబు అలిటరేషన్, అంటే ఒకే హల్లు మళ్లీ మళ్లీ రావడం.

"బ మీద బ వచ్చింది, నిజమే. కానీ 'బజ్' అన్న మాటలో ఈగ చప్పుడే ఉంది కదండీ. చప్పుడే మాటైతే ఆనొమాటొపియా అని మీరే చెప్పారు. కింద ఆ జవాబు కూడా ఇచ్చారు. పిల్లలు ఏది పెట్టినా ఒప్పే అవ్వాలి."

మాస్టారు ఆ వాక్యం మళ్లీ చదువుకున్నారు. తరవాత ఆ ప్రశ్న మొత్తం గీత పెట్టి కొట్టేసి, "ఇదెప్పట్నించి ఉందో," అన్నారు. గత అయిదు ముద్రణల్లోనూ ఉంది. ఆవిడే కొట్టింది.

పిల్ల ఎనిమిదో తరగతి పరీక్ష రాసింది. లెక్కలు ఈసారి బళ్లో మేడం దగ్గర విడిగా చెప్పించుకుంది. పేరు మొదటి జాబితాలో లేదు, రెండో జాబితాలో వచ్చింది. ఇంగ్లిషులో పాతిక్కి ఇరవై మూడు. తల్లీకూతుళ్లు ప్రెస్సుకు వచ్చి చెప్పారు. మేమంతా చుట్టూ మూగి సంతోషపడుతుంటే కామా అక్క మాత్రం, "ఆ రెండూ ఎక్కడ పోయాయి?" అని అడిగింది. ఒకటి టెన్సులో పోయిందని పిల్ల చెప్పింది. రెండోది తెలియదంది. ప్రశ్నపత్రం తెప్పించి అది తేల్చాకే ఆవిడ నవ్వింది. వెళ్లేటప్పుడు దర్జీ ఆవిడ ఒక సంచీ ఇచ్చింది. లోపల కుర్చీలో వేసుకోవడానికి కుట్టిన మెత్త. కొలత తీసుకోవడం మేమెవరమూ చూడలేదు.

ఆ మరుసటి ఏడు నలభై నాలుగో ఏట కామా అక్క పదో తరగతి ఇంగ్లిషు పరీక్ష ప్రైవేటుగా కట్టింది. హాల్లో పక్క బెంచీ అమ్మాయి ఆవిణ్ణి ఇన్విజిలేటరు అనుకుని లేచి నిలబడిందట. అరవై ఒకటి వచ్చాయి. అత్తగారు వీధిలో అందరికీ చెప్పింది. ఎన్ని వచ్చాయంటే మాత్రం ఒకరికి అరవై, ఒకరికి ఎనభై చెప్పింది.

శుక్లాల ఆపరేషనయ్యాక మాస్టారికి ఒక కంటికి చూపు తిరిగి వచ్చింది, రెండోదానికి రాలేదు. ఇప్పుడు ఆయన నోటితో చెబితే ఆవిడ నేరుగా కొడుతుంది. అర్థం కాకపోతే ఆపి అడుగుతుంది. ఒక్కోసారి ఆ ఆపడాలకే పూట గడిచిపోతుంది. గైడు మొదటి పుటలో ఆయన పేరు కింద 'సరిచూసినవారు' అని ఆవిడ అసలు పేరు వేయించారు. ఇదెవరి పేరని మా అచ్చు మిషను మనిషి నన్ను అడిగాడు.

మొన్న ఓనరు సైన్సు గైడు ఒకటి ఒప్పుకుని వచ్చి కాగితాలు ఆవిడ బల్ల మీద పెట్టాడు. ఆవిడ నాలుగు పుటలు తిప్పి చూసింది.

"పాఠం కొడతాను. జవాబుల పట్టిక కొట్టను. ఇది నాకు రాదు," అంది.

"అక్షరాలేగా? ఎ, బి, సి, డి," అన్నాడు ఓనరు.

"అందుకే," అంది.

ఆయన గొణుక్కుంటూ వెళ్లి, ఆ పట్టిక కొట్టడానికి సైన్సు చదివిన ఒకమ్మాయిని పిలిపించాడు. ఆ అమ్మాయికి టైపింగు అంతంత మాత్రం. కామా అక్క పక్కన కుర్చీ వేసి, వేళ్లు ఎక్కడ పెట్టాలో చూపిస్తోంది.