పిల్ల చెవికి వదలని మడత

"చప్పుడు తమ్ముడూ, చప్పుడు! నా ప్రాణం తీసింది అదే. నెత్తురు పెద్దగా రానేలేదు. ఆ పట్టకారు నొక్కగానే టక్కుమంది చూడు, ట్యాగు నా చెవికే వేసినట్టు తల పక్కకి వాల్చేశాను."

టైలరమ్మ మిషను ముందు కూర్చుంది గానీ, పొద్దుటినుంచి పెడలు మీద కాలు పెట్టలేదు. సూది కింద దిండు గలీబు ఒకటి సగం కుట్టి ఆగిపోయింది. ఎదురింటి మేడ మీద అద్దెకుండి, గుండీ ఊడిందనో జేబు చిరిగిందనో వంక పెట్టుకుని కబుర్లు వినడానికి వచ్చే మనిషిని ఆమె తమ్ముడూ అని పిలుస్తుంది. ఆ తమ్ముడి కోసం బల్ల మీది గుడ్డపీలికలు పక్కకి నెట్టి చోటు చేసింది. వెనక తలుపు తీసే ఉంది. అవతల రేకుల పాకలో పదకొండు జీవాలు, ఏడు గొర్రెలూ నాలుగు పిల్లలూ. మాటమాటకీ ఆమె చూపు అటే పోతోంది.

ముప్పై ఏళ్ళు బట్టలు కుట్టిన మనిషికి గొర్రెలేమిటంటే, అది ఆమె అక్క చలవ. మోకాళ్ళు అరిగి మంద వెనక నడవలేకపోయిన అక్క, "అమ్ముకోవడానికి మనసు రావట్లేదే, నువ్వు చూసుకో" అని ఏడు గొర్రెల్నీ తోలి పంపింది. పిల్లలు నాలుగూ ఇక్కడికొచ్చాకే పుట్టాయి. అప్పటిదాకా టైలరమ్మకి గొర్రెకీ మేకకీ తేడా తెలిసేది అరుపులోనే. "కొలత తీసుకోవడానికి కుదురుగా నిలబడతాయంటావా ఇవి?" అంది అత్తగారు మొదటి రోజునే. ఎనభై దాటిన ఆవిడ నోటికి ఆ ఇంట్లో తాళం లేదు.

మందని పశువుల ఆసుపత్రిలో రాయించి చెవులకి నంబరు ట్యాగులు వేయించకపోతే ఇకమీదట టీకాలు వెయ్యరని అక్క ఫోనులో చెప్పింది. టైలరమ్మకి ఆఫీసు గుమ్మం అంటే చిన్నప్పటినుంచీ బెదురు. వెనకున్న ఇద్దరిని ముందు పోనిచ్చి, అప్పుడు ఆసుపత్రి కిటికీ ముందు నిలబడింది.

"మందకి ఓనరు మీరేనా?" అన్నాడు కంపౌండరు.

"కాదండి, మా అక్క... అంటే, ఇప్పుడు నేనేనండి."

"ఎవరో ఒకరు గట్టిగా చెప్పండమ్మా. గొర్రెలు వచ్చి చెప్పవు కదా."

ఫారం నింపాడు. సంతకం పెట్టేముందు కింద అచ్చు వేసి ఉన్నది చదివి వినిపించాడు. వేసిన ట్యాగు మీ అంతట మీరు తియ్యకూడదు. ఊడినా విరిగినా వచ్చి చెప్పాలి. నంబరు తప్పితే, సంగతి తేలేదాకా మంద ఇల్లు కదలకూడదు, మేతకి కూడా బయటికి తోలకూడదు.

ఆమె సంతకం పెట్టింది. ఇంటి వెనక పాక ఉంది గానీ పచ్చగడ్డి పోచ లేదు. కాలవ గట్టుకి తోలకపోతే పదకొండు నోళ్ళూ ఏం తింటాయి? ఆ ఒక్క ముక్కే బుర్రలో గిర్రున తిరుగుతోంది. కంపౌండరు పసుపుపచ్చ ట్యాగు ఒకటి అట్టముక్కకి వేసి చూపించాడు. మడిచిన పట్టీలాంటిది, చెవి అంచుకి తొడిగి నొక్కితే ముల్లు అవతలికి దిగి బిగుసుకుంటుంది. "చెవి అంచుకీ పట్టీ మడతకీ మధ్య వేలు దూరేంత ఖాళీ వదలండి" అన్నాడు. ఆమె తల ఊపింది. తల ఊపింది గానీ, మనసు ఇంకా ఫారం కింది అచ్చు దగ్గరే ఉంది.

"చిన్న మందలకి మేం రాలేమమ్మా, మీరే వేసుకోండి" అని ట్యాగులు నొక్కే పట్టకారు రెండు రోజులకి ఎరువిచ్చాడు.

పెద్ద గొర్రెలకి బాగానే వేసింది. ఒక్కొక్క చెవికీ టేపు పెట్టి కొలిచి, నరం తగలని చోట గుడ్డ మీద గీసే సుద్దతో గుర్తు పెట్టుకుంది. తల పట్టుకోమని కూర్చోబెడితే అత్తగారు పకపకా నవ్వింది. "గీతలు గీస్తున్నావు, జాకెట్టు కుడతావుటే దానికి? మెడ లోతుగా పెట్టు, ఎండలు మండిపోతున్నాయి."

పిల్లల దగ్గరికి వచ్చేసరికి చేతులు ఆడలేదు. చెవులా అవి? లేత ఆకులు! వేలు దూరేంత ఖాళీ వదిలి చూస్తే పట్టీ సగం బయటికి వేలాడుతోంది. వేలాడితే కంచెకి తగులుకుంటుంది. తగులుకుంటే ఊడిపోతుంది. ఊడితే నంబరు తప్పుతుంది, మంద ఆగిపోతుంది. ఆ చెవి కొలతకి సరిగ్గా అతికేలా, అంచుకి ఆనించి నాలుగింటికీ టక్ టక్‌మని నొక్కేసింది. తరవాత దూరంగా నిలబడి చూసుకుంటే, చక్కగా కూర్చున్న కాలర్లలా కనిపించాయి. ఆ పూట హాయిగా ఊపిరి పీల్చుకుంది.

ఊపిరి పీల్చుకున్నది నిండా ఐదు వారాలు.

మొన్న శనివారం పొద్దున్న పాకలోకి వెళ్తే నల్లమూతి పిల్ల తల్లి దగ్గర పాలు తాగకుండా, గోడకి చెవి రాసుకుంటూ నిలబడి ఉంది. ముట్టుకుంటే చెవి కాలిపోతోంది. పట్టీ అంచులోకి దిగబడి, చుట్టూ చెవి బూరెలా ఉబ్బింది. కాస్త వాసన కూడా. టైలరమ్మ మిగతా మూడూ చూసింది. ఉబ్బలేదు గానీ వాటికీ బిగుతే.

అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని వచ్చి వంగి చూసింది. ఈసారి నవ్వలేదు.

"బడిపిల్లల లాగులకి కింద రెండంగుళాల మడత వదులుతావు కదే. పెరిగే పిల్లలు, ఏడాదికోసారి విప్పి పొడుగు చేసుకుంటారని తల్లులకి నువ్వే చెప్తావు. వీటికెందుకు వదల్లేదు?"

టైలరమ్మ తన చేతులకేసి చూసుకుంది. వేల లాగులు కుట్టిన చేతులు. పెరిగే ఒంటికి చోటు వదలాలని నిద్రలో లేపి అడిగినా చెప్పే చేతులు. ఊడిపోతుందన్న భయంలో ఆనాటి కొలత మాత్రమే చూసుకున్నాయి.

ఆసుపత్రికి ఫోను చేసింది. మోగింది, మోగింది, ఆగిపోయింది. రెండో శనివారం, ఆదివారం సెలవు. అక్కకి చేస్తే, "నా రోజుల్లో ఈ ట్యాగులెక్కడివే? చెవి పోతే పోయింది, పిల్లని పోగొట్టుకోకు" అంది.

"ట్యాగు కొయ్యవే" అంది అత్తగారు.

"కోస్తే? సంతకం పెట్టానత్తయ్యా. తియ్యనని సంతకం పెట్టాను."

"సంతకానికి జొరం వచ్చిందా, పిల్లకి వచ్చిందా?"

అయినా చెయ్యి రాలేదు. ఉప్పునీళ్ళతో కడిగింది, పసుపు అద్దింది, గోనెపట్టా అడ్డం కట్టి ఈగలు తోలింది. మధ్యాహ్నందాకా పిల్ల పక్కనే పీట వేసుకుని కూర్చుంది. వీధిలో ఎవరి స్కూటరు ఆగినా ఆఫీసు మనిషే అనుకుని ఉలిక్కిపడింది. ఆఫీసుకి సెలవని తెలుసు, అయినా ఉలిక్కిపడింది. ఆఫీసువాళ్ళొచ్చి పాకకి తాళం వేసినట్టు, లోపల పదకొండూ ఖాళీ తొట్టి నాకుతున్నట్టు కళ్ళకి కట్టింది. ఇంకోసారి కడుగుదామని వంగితే, పట్టీ కింద తెల్లటి దారం తుంపుల్లాంటివి కనిపించాయి. దారం కాదు. ఈగ పెట్టిన గుడ్లు.

రేపటికి పురుగులవుతాయి. పురుగు చెవిలోంచి తలలోకి పోతే ఇక పిల్ల దక్కదు.

"గుడ్డ కత్తెరకి అది తెగలేదు తమ్ముడూ" అంది టైలరమ్మ. "మా మామగారి పాత డబ్బాలో వైరు కోసే ప్లయరు ఉంటే వేడినీళ్ళలో మరిగించి తెచ్చాను. అత్తయ్య తల పట్టుకుంది. పిల్ల ఒకటే అరుపు, తల్లి గొర్రె తడికని ఢీకొట్టడం. కళ్ళు మూసుకుందామంటే చెవి తెగుతుంది. నంబరు మీద పడకుండా కోద్దామని ఒక పక్కకి పెట్టానా, పిల్ల విదిలించింది. కోత నంబరు మీదే పడింది. చివరి అంకె రెండు చెక్కలైంది. అత్తయ్య ఏమందో తెలుసా? 'అంకె పోతే పోనీ, చెవి ఉంది కదే' అంది."

గుడ్లన్నీ ఏరి పారేసింది. గొర్రెలతోపాటు అక్క పంపిన నీలం రంగు మందు పూసింది. నిన్నంతా గంటకోసారి చూసింది. వాపు తగ్గీ తగ్గనట్టు ఉంది. అంచు నల్లబడింది, అది నిలుస్తుందో ఊడుతుందో తెలీదు. ఇవాళ పొద్దున్న మాత్రం నల్లమూతి పిల్ల తల్లి కిందికి దూరి, తోక ఆడిస్తూ పాలు తాగింది. అది చూసి టైలరమ్మ మంచి చీర కట్టుకుని ఆసుపత్రికి బయలుదేరింది. గేటు దాటింది, వెనక్కి వచ్చింది. మళ్ళీ బయలుదేరి, వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చింది.

"రెండుసార్లూ చెప్పులు విడిచి లోపలికొచ్చింది, నేనే సాక్షి" అంది వెనకనుంచి అత్తగారు. "నన్ను వెళ్ళనివ్వదు. నా నోటికి భయపడుతోంది."

"మీరెళ్తే ఇవాళే తాళం వేస్తారత్తయ్యా."

టైలరమ్మ లేచి, కోసిన ట్యాగు ముక్కల్ని గుడ్డలో మూటకట్టి తమ్ముడి చేతిలో పెట్టింది. పెట్టాక కూడా ఆ చెయ్యి వదల్లేదు.

"నువ్వు వెళ్ళిరా నాయనా. పన్నెండుకి కిటికీ వేసేస్తారు, నడిచి కాదు, సైకిలు తీసుకో. ముందు పిల్ల బతికే ఉందని చెప్పు, ఆ తరవాతే ట్యాగు కోసిన సంగతి చెప్పు. నేనే కోశానని చెప్పు, ఊడిందని మాత్రం అబద్ధం చెప్పకు, అదంటే నాకింకా భయం. మిగతా మూడు పిల్లలవీ ఇవాళే, ఉబ్బకముందే విప్పాలా, విప్పితే ఏమవుతుందో అడుగు. ఆ కంపౌండరు కేకలేస్తే వేయించుకో, తిరిగి ఒక్క మాట అనకు. మంద బయటికి తోలచ్చో లేదో ఒక్కటి తేల్చుకుని రా. నువ్వొచ్చేదాకా తడిక తియ్యను. పొద్దుటినుంచి మేత లేదు వాటికి, తొందరగా రా తమ్ముడూ."