రెండు చుక్కలకి సాక్ష్యం

డిగ్రీ చదివే ఆ రోజుల్లో నాకు కోపం ఎక్కువ, గొంతు తక్కువ. వచ్చిన కోపమంతా డైరీలో రాసుకుని, బయటికి మాత్రం బుద్ధిగా తలూపేదాన్ని. అలాంటి నేను ఒక వేసవి సాయంత్రం, మస్కట్ నుంచి మావయ్య తెచ్చిన చిన్న టెలిస్కోపు డాబా మీద పెట్టి, స్వాతి నక్షత్రానికి దగ్గర్లో ఉండే ఓ చుక్కని చూశాను. మామూలు కంటికి అది ఒక్కటే. గాలి నిలిచిన ఆ కాస్సేపూ మాత్రం, బంగారు రంగు చుక్కని ఆనుకుని ఆవగింజంత నీలం చుక్క విడిగా కనబడింది. అమలాపురంలో మాకు ఆకాశం చూపించే మాస్టారు (ఇంట్లో పెద్ద టెలిస్కోపున్న మనిషి) నమ్మలేదు. "అంత చిన్నదాంట్లో అది విడిపోదమ్మా. ఇంకొకరెవరైనా చూస్తే చెప్పు, మన పుస్తకంలో నీ పేరు రాస్తాను" అన్నారు. ఎవరు ఏ చుక్కని చూశారో ఆయన రాసిపెట్టే ఆ పుస్తకంలో అప్పటిదాకా ఒక్క ఆడపిల్ల పేరూ లేదు. నా పేరు అందులో ఉండి తీరాలనుకున్నాను.

మర్నాడు సాక్షుల్ని డాబా ఎక్కించాను. పెదనాన్నగారు కన్ను ఆనించీ ఆనించకుండానే "ఆఁ, రెండూ కనబడుతున్నాయమ్మా" అనేశారు. కాయల దింపు సంగతి మాట్లాడ్డానికొచ్చిన కొబ్బరిచెట్లెక్కే ఆయన చూసి, "ఆయ్, రెండేనండి అమ్మాయిగారూ. మీరు కావాలంటే మూడు కూడా ఉంటాయండి" అన్నాడు. నాకు అనుమానమొచ్చి, టెలిస్కోపుకి మూత పెట్టేసి అమ్మని పిలిచాను.

"అబ్బో, రెండూ ఎలా మెరిసిపోతున్నాయే!"

"మూత ఉందమ్మా దానికి!"

"ఉంటే ఉందిలే. సరదాపడి చూపిస్తున్నావు కదాని అన్నాను. అదీ తప్పేనా?"

(మా వైపు మర్యాద అలాంటిది. చూపించినవాళ్ళ మనసు నొప్పించడం కన్నా లేని చుక్కలు చూడ్డం మేలు.) ఒళ్ళు మండిపోయింది. ఈ ఇంట్లో నిజం చెప్పే మనిషే లేడని డైరీలో రెండు పేజీలు తిట్టిపోశాను.

ఆ వారంలోనే మా ఊరొచ్చిన మాస్టారు మా డాబా ఎక్కారు. అమ్మ ఇచ్చిన కాఫీ చేత్తో పట్టుకునే, వంగి, ఒక్క చూపు చూశారు. 'గాలి నిలిచేదాకా చూడాలండీ' అన్న మాట నా గొంతులోనే ఉండిపోయింది. ఆయన నవ్వుతూ నా వైపు తిరిగి, "ఒకటే కదమ్మా?" అన్నారు.

"ఆయ్. ఒకటేనండి."

ఎవరో కాదు, నేనే అన్నాను. మా వాళ్ళు ప్రేమ కొద్దీ అబద్ధమాడారు, నేను భయం కొద్దీ నిజాన్ని మింగాను. పుస్తకంలో నా పేరు ఎక్కలేదు. మాస్టారి మీద రావాల్సిన కోపం కూడా నా మీదే వచ్చింది.

మొన్న వేసవిలో అదే చుక్కని అదే టెలిస్కోపుతో మళ్ళీ చూశాను. రెండే. ఈసారి చెప్పేద్దామని, తడబడకుండా మాటలన్నీ కాగితం మీద రాసుకుని, మాస్టారికి ఫోన్ చేశాను. 'నమస్కారమండీ, బాగున్నారా' దాకా బాగానే చదివాను.

"బాగున్నానమ్మా. ఏంటి విశేషం?"

"ఏం లేదండీ. ఊరికే."

ఫోన్ పెట్టేశాక నా మీద నాకెంత కోపమొచ్చిందంటే, చివరికి నవ్వొచ్చింది.